తలనొప్పి అని రాసిన రోజులు

మార్చి 5, 2008, బుధవారం

ఇది పోయిన ఏడాది డైరీ. ఆఫీసు నుంచి రెండు వస్తే ఒకటి మిగిలింది. వారాలు కలవవు. అచ్చులో సోమవారం అని ఉన్నచోట కొట్టేసి బుధవారం అని రాసుకున్నాను. ఈ ఏడాది డైరీ వేరే ఉంది. అందులో రాసింది నెలాఖరుకి పీహెచ్‌సీలో డాక్టరుగారు చూసి సంతకం పెడతారు. ఈరోజు అందులో ఇలా ఉంది: టీకాలు 14, గర్భిణులు 5, తిరిగిన ఇళ్ళు 22.

ఇరవై రెండు ఇళ్ళు తిరగలేదు. తొమ్మిదో ఇంటి దగ్గరే కాళ్ళు మొరాయించాయి. కాలవగట్టు మీద చెట్టు నీడ అన్నది లేదు, టీకాల పెట్టె భుజం కోసేస్తోంది. నలభై నాలుగేళ్ళొచ్చాయి, సర్వీసు పంతొమ్మిదేళ్ళు. ఈ ఊళ్ళో నన్ను అందరూ నర్సమ్మ అంటారు. సలోమి అనే పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు.

మధ్యాహ్నం తలనొప్పి. తలుపేసుకుని పడుకున్నాను.

మార్చి 7

తలనొప్పి.

మార్చి 9, ఆదివారం

ప్రార్థనకి వెళ్ళాను. పాస్టరుగారు శరీరేచ్ఛల గురించి గంటంపావు చెప్పారు. ముందు వరసలో మగవాళ్ళు నిద్రపోయారు. వెనక ఆడవాళ్ళం తలలొంచుకుని విన్నాం.

బయటికొచ్చాక ఎవరో అడిగారు, "దేవదానం గారు బావున్నారాండీ" అని. నా మొగుడు బావుండే ఉంటాడు. గుడివాడలో ఇంకో ఆవిడ దగ్గర ఉన్నవాడు బావుండక ఏం చేస్తాడు. తొమ్మిదేళ్ళయింది లారీ దిగి నా గుమ్మం ఎక్కి. ఏడవడం మూడో ఏడాదే మానేశాను, ఓపిక లేక.

మార్చి 14, శుక్రవారం

బందరులో రెండు రోజుల ట్రైనింగు. ముప్పై మంది ఏఎన్‌ఎంలం, ఒక్క ఫ్యాను. చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మ పేరు దీప్తి. ముప్పై దాటి ఉండవు. నిన్నంతా రక్తహీనత, ఐరన్ మాత్రలు. మాకు తెలిసిన పాటే. అందరం కునికిపాట్లు పడ్డాం. ఈరోజు భోజనాలయ్యాక బోర్డు మీద ఒక మాట రాసింది. స్వయంతృప్తి.

కునికిపాట్లు ఎగిరిపోయాయి.

"మగవాళ్ళ సంగతి కాదండీ, ఆడవాళ్ళ సంగతే మాట్లాడుకుందాం" అంది. గొంతులో వణుకు లేదు, నవ్వు లేదు. టీకా షెడ్యూలు చెప్పినట్టు చెప్పింది. మా పక్క సబ్-సెంటర్ బుల్లెమ్మ, నాకన్నా ఆరేళ్ళు పెద్దది, చెంగు నోటికడ్డం పెట్టుకుని, "కాన్పులు చేసుకుని బతికేవాళ్ళకి ఇవేం కబుర్లే సలోమీ" అంది. అవునే అన్నాను.

పేర్లు లేకుండా చీటీల మీద ప్రశ్నలు రాసిమ్మంది డాక్టరమ్మ. నేను ఎడమచేత్తో రాశాను. "పెళ్ళయిన ఆడమనిషికి ఈ అలవాటుంటే గర్భసంచికి ఏమన్నా అవుతుందా? పిచ్చెక్కుతుందా? మందుందా?" పంతొమ్మిదేళ్ళుగా కాన్పులు చేస్తున్నదాన్ని. గర్భసంచి ఎక్కడుంటుందో నాకు తెలీదా? అయినా అదే రాశాను.

చీటీ పైకి చదివింది. నవ్వులు ఆగేదాకా ఆగింది.

"ఏమీ అవదు. పిచ్చెక్కదు. పెళ్ళయినా కాకపోయినా, మొగుడున్నా లేకపోయినా. ఇది రోగం కాదు కాబట్టి మందు కూడా లేదు. రేపు మీ దగ్గరికి ఎవరన్నా వచ్చి అడిగితే ఈ మాట చెప్పండి. చాలు."

"ఎవత్తోగానీ పాపం, కరువులో ఉన్నట్టుంది" అంది బుల్లెమ్మ. బెంచీ అంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

బస్సులో అవనిగడ్డ దాకా నిలబడే వచ్చాను. సీటు ఖాళీ అయినా కూచోబుద్ధి కాలేదు.

మార్చి 15

ఈ పుస్తకం నాకోసమే కదా రాసుకునేది. ఇందులో కూడా అబద్ధమెందుకు?

తలనొప్పి కాదు. నాకు తలనొప్పి ఎప్పుడూ రాదు. తలుపేసుకున్న రోజు అలా రాసుకుంటున్నాను. మొదటిసారి తెలిసింది ముప్పై ఎనిమిదో ఏట. దేవదానంతో కాపురం చేసినన్నాళ్ళూ తెలీలేదు. ఇద్దరు బిడ్డల్ని కన్నా తెలీలేదు. ఒకడు పురిట్లోనే పోయాడు, పిల్ల నర్సింగు చదువుకుంటోంది. వాళ్ళని కడుపులో మోసిన ఒంటికి ఇలాంటిదొకటుందని, మనిషి వదిలేసి పోయిన మూడేళ్ళకి, ఒక ఎండమధ్యాహ్నం, నాకు నేనుగా తెలుసుకున్నాను. ఆ రోజు సిగ్గు కన్నా ముందు కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరు దాచారు ఇది అని.

తర్వాత సిగ్గొచ్చింది. అది ఇంకా పోలేదు. మగవాళ్ళు చేసేదానికి ఊళ్ళో నాలుగు పేర్లున్నాయి, నవ్వుకోవడానికి. ఆడదాని దానికి తిట్టడానికి కూడా పేరు లేదు. అందుకని తలనొప్పి అని పెట్టుకున్నాను.

మార్చి 26, బుధవారం

టీకాలయ్యాక సుబ్బరత్నమ్మగారు కోడల్ని తీసుకొచ్చింది. కోడలి పేరు భాగ్యలక్ష్మి, ఇరవై ఆరేళ్ళు. పుట్టిల్లు ఘంటసాల. మొగుడు ఫణీంద్ర మస్కట్‌లో ఉన్నాడు.

సుబ్బరత్నమ్మగారంటే ఊళ్ళో గౌరవం. డెబ్బయ్యేడు ఉప్పెనలో మొగుడు పోతే చంటి కొడుకుతో నిలబడి పొలం చేయించుకుంది. రోజూ తెల్లవారకుండానే నూతి దగ్గర చన్నీళ్ళు పోసుకుంటుంది, చలికాలమైనా జ్వరమైనా. భక్తి అంటే ఆవిణ్ణే చూపిస్తారు. చన్నీళ్ళు మానండి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి అని నేనే పదిసార్లు చెప్పాను. వినదు. అవసరమొస్తే నన్ను నర్సమ్మగారూ అంటుంది, కోపమొస్తే నువ్వు అంటుంది. వాళ్ళింట్లో వసారా దాటి లోపలికి ఎప్పుడూ రమ్మనలేదు. నేనూ వెళ్ళలేదు.

"నర్సమ్మగారూ, మా అమ్మాయికి ఒంట్లో వేడి చేసిందండీ. ఏదన్నా సూది వెయ్యండి."

"జ్వరమా అండీ?"

"జ్వరం కాదు." గొంతు తగ్గించింది. "పట్టపగలు తలుపేసుకుంటోంది. కిటికీలోంచి చూశాను. ఎవరూ లేరు, ఒక్కత్తే. ఇంక నా నోటితో చెప్పించమాకండి."

ఆవిణ్ణి వరండాలో కూచోబెట్టి ఆ పిల్లని లోపలికి తీసుకెళ్ళాను. తల ఎత్తలేదు. నేల చూస్తూనే, "ఆయన వెళ్ళి పంతొమ్మిది నెలలండీ. ఎవర్నీ ఏమీ అనలేదు, ఎవరి జోలికీ వెళ్ళలేదు. తప్పంటారాండీ?" అంది.

చెప్పాల్సిన మాట నా దగ్గరుంది. బోర్డు మీద చూసొచ్చి పన్నెండు రోజులే అయింది. నోరు తెరిచాను. కిటికీ అవతల సుబ్బరత్నమ్మగారి చీరంచు కనిపించింది.

"నీరసం వల్లమ్మా" అన్నాను.

బయటికొచ్చి అత్తగారితో, "తెల్లబట్ట అవుతోందండీ. దాంతో దురద. అందుకే అలా..." అన్నాను. ఆవిడ మొహం ఒక్కసారి తేటపడింది. "రోగమేనా! అంతేనా! నేనింకా ఏంటో అనుకుని చచ్చానమ్మా" అని నిట్టూర్చింది. పీహెచ్‌సీకి చీటీ కూడా రాసిమ్మంది. చీటీ ఉంటే ఆవిడకి నమ్మకం. రాసిచ్చాను. రిజిస్టర్లో భాగ్యలక్ష్మి, 26, రోగం గడిలో తెల్లబట్ట. ఏమని రాయాలో తెలియని ఆడవాళ్ళందరికీ ఆ గడిలో అదే రాస్తాం.

బీ-కాంప్లెక్స్ పది మాత్రలిచ్చాను. ఆ పిల్ల వెళ్తూ ఒకసారి నా వైపు చూసింది.

కాపాడాననే అనుకుంటున్నాను.

మార్చి 27

కాపాడాను. రోగమంటే జాలిపడతారు. ఇంకోటంటే చంపేస్తారు.

ఏప్రిల్ 2

కాళ్ళవాపు. ఎండ.

ఏప్రిల్ 9, బుధవారం

నేను టీకాల్లో ఉండగా సుబ్బరత్నమ్మగారు వచ్చి, పిల్లల తల్లులందరి ముందూ నిలబడింది. కూచోమంటే కూచోలేదు. అందరూ వెళ్ళేదాకా అలాగే నిలబడి, అప్పుడు కొంగులోంచి మందు పాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు రాసిన చీటీ పట్టుకుని పీహెచ్‌సీకెళ్ళాం. ఇదిచ్చారు. ఇద్దరూ వాడాలంట. మొగుణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. మా వాడు మస్కట్‌లో ఉన్నాడు, వెళ్ళి ఏడాదిన్నర దాటిందన్నాను. ఆ మందులిచ్చే పిల్ల నా మొహం చూసి ఊరుకుంది."

పాకెట్టు తీసి తిప్పి చూశాను.

"ఇది మనిషి నుంచి మనిషికి అంటుకునే రోగమంటగా. జంటగా వాడే మందంటగా. మా వాడక్కడుంటే ఇక్కడ జంట ఎవరు నర్సమ్మా?"

కలయిక వల్ల వచ్చే రోగాలకి కొత్తగా పెట్టిన పద్ధతి అది. పరీక్షలుండవు. చెప్పిన బాధని బట్టి పాకెట్టు. ఆడమనిషికొకటి, ఆవిడ మొగుడికొకటి. అక్కడి డాక్టరు తప్పేం లేదు, చీటీలో ఉన్నదానికి మందిచ్చాడు. ఈ పద్ధతి నాకు తెలుసు. చీటీ రాస్తున్నప్పుడు గుర్తు రాలేదు.

గుర్తు రాలేదు అనే రాస్తున్నాను ఇక్కడ. సరే.

ఏప్రిల్ 10

నిద్ర లేదు. మాత్ర వేసుకున్నాను.

ఏప్రిల్ 17

ఆవిడ కొడుక్కి చెప్పేసింది. ఫణీంద్ర పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడట. భాగ్యలక్ష్మి దగ్గరున్న ఫోను తీసేసుకున్నారు. ఎవడు, ఎవడు అని అడుగుతున్నారు. లేనివాడి పేరు ఎక్కణ్ణించి తెచ్చి చెప్తుంది ఆ పిల్ల?

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. నేను తొక్కాను, ఆ పిల్ల కడుక్కుంటోంది.

ఏప్రిల్ 23, బుధవారం

వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో నిలబడే చెప్పాను. "తెల్లబట్ట అందరాడవాళ్ళకీ ఉంటుందండీ, కలయిక వల్లే రానక్కర్లేదు. నీరసానిక్కూడా వస్తుంది. ఆ పాకెట్టు సంగతి పట్టించుకోకండి."

"డాక్టరుగారి కన్నా నీకెక్కువ తెలుసా?"

నిజానికి నేనన్న మాటలో తప్పు లేదు. నీరసానికి తెల్లబట్ట వస్తుంది. కాకపోతే ఆ పిల్లకి తెల్లబట్టే లేదు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఒక నిజాన్ని ఊతకర్రగా పట్టుకెళ్ళాను. అది నిలబడలేదు.

లోపలి గదిలో గాజులు కదిలాయి. బయటికి రాలేదు.

ఏప్రిల్ 30

గుడివాడ తీసుకెళ్ళి లేడీ డాక్టరు దగ్గర పరీక్ష చేయించమని నేనే సలహా ఇచ్చాను. రిపోర్టు వస్తే అన్నీ తేలిపోతాయి, నేను నోరు విప్పక్కర్లేదు అనుకున్నాను. వెళ్ళారు. రిపోర్టులో ఏ రోగమూ లేదు.

"మందు వాడాం కాబట్టి తగ్గింది" అంది సుబ్బరత్నమ్మగారు.

ఉంటే రోగముందని సాక్ష్యం, లేకపోతే తగ్గిందని సాక్ష్యం. నేను రాసిన ఒక్క మాట ఇప్పుడు గుడివాడ రిపోర్టు కన్నా గట్టిది.

మే 3, శనివారం

భాగ్యలక్ష్మిని ఘంటసాల పంపేశారు. బస్సెక్కించడానికి కూడా ఎవరూ వెళ్ళలేదట. ఈ నెల పదహారున వాళ్ళ నాన్నా బాబాయిలూ వస్తారు, పెద్దమనుషుల్లో కూచుంటారు. ఫణీంద్ర ఫోన్లో తెగేసి చెప్పాడట, వద్దని. ఆ రోజు తెంచుకోవడమే.

నాకు పదమూడు రోజులున్నాయి.

మే 4

ప్రార్థనకి వెళ్ళలేదు.

మే 7, బుధవారం

టీకాలు 9.

రోగం లేదని చెప్పాలంటే రిజిస్టర్లో అబద్ధం రాశానని ఒప్పుకోవాలి. మెమో ఇస్తారు, ఇవ్వనీ. అది కాదు అసలు కష్టం. రోగం లేకపోతే మరి తను కిటికీలోంచి చూసిందేంటి అని అడుగుతుంది ఆవిడ. అప్పుడు చెప్పాలి. చెప్పాక, అది రోగం కాదని నీకెలా తెలుసు అంటుంది. ట్రైనింగులో చెప్పారండీ అంటే నమ్ముతుందా? నేనే నమ్మలేదు. నమ్మి ఉంటే ఆ రోజు ఆ పిల్లకి చెప్పేదాన్ని.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ నేను తవ్వినవే.

చాలా రోజుల నుంచి తలుపేసుకోవడం లేదు. ఒళ్ళు నాది కానట్టుంది.

మే 11, ఆదివారం

ఘంటసాల వెళ్ళాను. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చి, మొహం చూడకుండా లోపలికెళ్ళిపోయింది. భాగ్యలక్ష్మి గేదెల పాకలో ఉంది. పేడకళ్ళు ఎత్తుతోంది. తట్ట దింపలేదు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు కూడా.

"క్షమించమ్మా. నిన్ను కాపాడదామని రాశాను" అన్నాను.

నెమ్మదిగా అంది. "మీరు ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పుంటే తప్పు చేశాననేవాళ్ళండీ. ఇప్పుడూ తప్పు చేశాననే అంటున్నారు. అప్పుడైతే ఆ తప్పులో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఇప్పుడు ఎవడో మగాణ్ణి కూడా తెచ్చి పెట్టారు మీరు."

ఏడుస్తూ అంటే బాగుండేది. ఏడవలేదు.

"నేను మిమ్మల్నొకటి అడిగాను గుర్తుందా? తప్పంటారా అని. దానికైనా చెప్పండి."

"తప్పు కాదమ్మా."

"మరి అప్పుడు చెప్పలేదే?"

భయపడ్డానని చెప్పాను. దేనికని అడగలేదు. తట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో అంతా అదే. దేనికి భయపడ్డాను? సుబ్బరత్నమ్మగారి చీరంచుకి కాదు. తప్పు కాదు అంటే నావైపు చూస్తారని. ఈవిడకెలా తెలుసని. మొగుడు లేని మనిషి ఈ మాట అంత తేలిగ్గా ఎలా అందని. నా గుట్టు దాచుకోవడానికి ఆ పిల్ల కాపురం అడ్డం పెట్టాను. ఇదీ నేను చేసింది.

మే 14, బుధవారం

రేపు వెళ్తాను.

మే 15, గురువారం

వెళ్ళాను.

సుబ్బరత్నమ్మగారింట్లో ఆవకాయ పెడుతున్నారు. వాకిట్లో కూలామె ముక్కలు కొడుతోంది, ఇంకో ఇద్దరు టెంకల జీడి తీసి గుడ్డతో తుడుస్తున్నారు. ఆ రోజు ఆ ఇంట్లోకి అయినవాళ్ళనే స్నానం చేసొస్తే గాని రానివ్వరు. నేను వసారా మెట్టు కింద నిలబడ్డాను.

"ఇవాళ కాదమ్మా, పనిలో ఉన్నాం" అంది.

"ఇవాళే చెప్పాలండీ. రేపు పెద్దమనుషులు కూచున్నాక చెప్తే లాభం లేదు. మీ ఒక్కరికే చెప్పాలి."

వాకిట్లో ఆడవాళ్ళ చేతులు ఆగాయి. ఆవిడ వాళ్ళనీ నన్నూ చూసింది. తర్వాత, "లోపలికి రా" అంది.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గుమ్మం దాటాను. వంటింట్లో ఆవపిండి, కారం, ఉప్పు పళ్ళేల్లో ఆరబోసి ఉన్నాయి. ముక్కు మండింది. ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. ఇంటి దగ్గర వరసగా పేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

"మీ కోడలికి రోగం లేదండీ. ఎప్పుడూ లేదు. నేను అబద్ధం రాశాను. ఆ పిల్లని నేను పరీక్షే చెయ్యలేదు."

"ఏంటీ?"

"మీరు కిటికీలోంచి చూసింది రోగం కాదు. ఎవరూ అంటించింది కాదు. అందులో మగాడెవడూ లేడు. మీరే చూశారుగా, ఒక్కత్తే ఉందని మీరే చెప్పారు. ఆడమనిషి ఒంటికి అది మామూలే."

ఆవిడ మొహం ఎర్రబడింది. "మామూలా? ఎవరికి మామూలు? మానమున్న ఆడది చేసే పనేనా అది? నీకెవరు చెప్పారు మామూలని?"

ఇదీ ఆ ప్రశ్న. ఇన్నాళ్ళూ దీన్నుంచే పారిపోయాను.

"నాకూ ఉందండీ" అన్నాను. "ఆరేళ్ళ నుంచి. నాకేమీ కాలేదు. మీ మనవలు పుడితే నేనే కదా బొడ్డు కొయ్యాల్సింది, ఈ చేతుల్తోనే. మీకు అసహ్యమనిపిస్తే నన్ను అసహ్యించుకోండి. ఆ పిల్లని మాత్రం లేని మగాడికి కట్టబెట్టకండి."

కొట్టినా కొడుతుంది అనుకున్నాను. ఆవిడ పీట లాక్కుని కూచుంది. మోకాళ్ళు మడవడానికి ఇబ్బంది పడింది. చేత్తో కారప్పళ్ళెం సాపు చేసింది. బయట కత్తిపీట చప్పుడు మళ్ళీ మొదలైంది.

"ఉప్పెనకి నాకు ఇరవై రెండు" అంది చివరికి. "వీడు చంకలో. ఏడాది తిరిగేదాకా ఏడుపే. ఆ తర్వాత ఏడుపు పోయి ఇది పట్టుకుంది నర్సమ్మా. నా మీద నాకే భయమేసింది. దెయ్యమనుకున్నా. మొగుడు పోయినదానికి ఇదేం మాయరోగమనుకున్నా. ఎవరికి చెప్పుకోను? తెల్లవారకుండా లేచి బిందె మీద బిందె చన్నీళ్ళు కుమ్మరించుకునేదాన్ని, ఒళ్ళు కొయ్యబారేదాకా. ముప్పై ఏళ్ళ నుంచీ అదే. ఊరంతా భక్తి అన్నారు. నువ్వూ అనుకున్నావుగా?"

"అనుకున్నానండీ."

"రోగం కాదని అప్పుడు ఒక్కరు చెప్తే..." అని ఆపేసింది. కళ్ళు తుడుచుకోబోయి చేతికి కారముందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది.

ఆవిడకి చెప్పాల్సింది నాకు పంతొమ్మిదేళ్ళ కిందట తెలీదు, ముప్పై ఏళ్ళ కిందట ఎవరికీ తెలీదు. ఆ పిల్లకి చెప్పాల్సింది మాత్రం నాకు తెలుసు.

లేచి, "మా వాడికి ఏం చెప్పను?" అంది.

"నర్సు తప్పు రాసిందని చెప్పండి. నేను డాక్టరుగారికి రాతపూర్వకంగా ఇస్తాను."

"నీ ఉజ్జోగం?"

"చూద్దాం."

మే 16

పెద్దమనుషులు కూచోలేదు. నర్సు ఒకరి రోగం ఒకరికి రాసిందని సుబ్బరత్నమ్మగారే అందరికీ చెప్పింది. "అక్షరమ్ముక్క రాని మనుషుల్ని తెచ్చి నర్సులంటారు" అని వీధి చివరిదాకా వినపడేలా తిట్టింది. నన్ను తిట్టాలి కదా మరి. ఆ తిట్లలోనే ఉంది భాగ్యలక్ష్మి ఇంటికి తిరిగొచ్చే దారి.

మే 28

మెమో వచ్చింది. రిజిస్టర్లో తప్పుడు నమోదు, వారంలోగా సంజాయిషీ. "పని ఒత్తిడిలో పొరపాటు జరిగింది" అని రాసిచ్చాను. ఉన్నది రాస్తే డాక్టరుగారు కుర్చీలోంచి పడిపోతారు. అన్ని నిజాలూ అందరికీ చెప్పే ఓపిక నాకు లేదు.

బుల్లెమ్మ ఫోను చేసి ఓదార్చింది. "అయినా పరీక్ష చెయ్యకుండా ఎందుకు రాశావే?" అంది. బందరులో ఆ చీటీ రాసింది నేనేనే అన్నాను. వెంటనే, "ఉంటానే, బస్సొచ్చింది" అని పెట్టేసింది. బస్సు చప్పుడేమీ వినపడలేదు.

జూన్ 11, బుధవారం

టీకాలకి వచ్చినవాళ్ళు తగ్గారు. కొందరు పక్క సెంటరుకి వెళ్తున్నారట, ఈ నర్సుకి రాయడం రాదని. వాన మొదలైంది. గది కారుతోంది.

భాగ్యలక్ష్మి కనిపించింది, కాలవ దగ్గర. అత్తగారింటికొచ్చి మూడు వారాలయింది. ఫణీంద్ర ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదట. ఆగస్టులో వస్తాడట. ఏమవుతుందో తెలీదంది. నా మీద కోపం పోయిందని ఎక్కడా అనలేదు. "మా అత్తయ్య నా గదికి లోపల గడియ పెట్టించింది" అని మాత్రం చెప్పి, బిందె ఎత్తుకుని వెళ్ళింది.

జూన్ 25, బుధవారం

టీకాలయ్యాక సుబ్బరత్నమ్మగారు వచ్చింది. బీపీ చూడమంది. చూశాను, మామూలుగానే ఉంది. బెంచీ మీద కూచుంది, వెళ్ళడం లేదు. మోకాళ్ళెలా ఉన్నాయండీ అన్నాను.

"తగ్గాయండీ. చన్నీళ్ళు మానేశాను. ఇప్పుడు పొద్దెక్కాక వేన్నీళ్ళే పోసుకుంటున్నా."

మంచి పని చేశారన్నాను. ఆవిడ చెంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. యాభై మూడేళ్ళ మనిషి.

"ఈ వయసులో... ఏమన్నా అవుతుందాండీ నర్సమ్మగారూ?"

ఈసారి కిటికీ వైపు చూడలేదు నేను. "ఏమీ అవదండీ. అది రోగం కాదు" అన్నాను. మార్చి నెలలో ఆ పిల్లకి చెప్పాల్సిన మాట. మూడు నెలలు ఆలస్యంగా, ఇంకొకరికి చెప్పాను. ఆవిడ తలూపి, గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళింది.

రిజిస్టర్లో సుబ్బరత్నమ్మ, 53 అని రాసి, రోగం గడి దగ్గర ఆగాను. చెయ్యి అలవాటుగా ఏదో ఒకటి రాయబోయింది. "లేదు" అని రాశాను.

మధ్యాహ్నం తలుపేసుకున్నాను. తలనొప్పి లేదు.